జంటకడ్డీ

నాలుగో అరలో జంట పదకొండోసారి ఎత్తి దించింది. భ్రమరాంబ 'చూశాను' మీట నొక్కింది. ఏడో అరలో ఆరోసారి. నొక్కింది. తొమ్మిదో అరలో ఆవిడ కడ్డీని మోకాళ్ళ దాకా కూడా తేకుండా కింద పెట్టేసి, ముక్కు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. అది ఎత్తుదింపు కిందికి రాదు. భ్రమరాంబ నొక్కలేదు.

పై కాకినాడ మూడో బలశాలలో పన్నెండు జంట అరలున్నాయి. గాజుగదిలోంచి చూస్తే అన్నీ కింద వరసగా కనిపిస్తాయి. అరకో మొగుడూ పెళ్ళాం, ఎదురెదురుగా, మధ్య ఒకే కడ్డీ. మెడ కింద నుంచి ఒళ్ళంతా కప్పి బరువులు మోసిపెట్టే వాళ్ళ యంత్రపు తొడుగులు గోడ మేకులకు వేలాడుతుంటాయి. తొడుగు తీసేశాక మనిషి ఎలా ఉంటాడో ఆ ఊళ్ళో రోజంతా చూసేది గాజుగదిలో కూర్చునే భారసాక్షులొక్కళ్ళే. మిగతావాళ్ళకు తమ ఒళ్ళే సరిగ్గా గుర్తుండదు.

కడ్డీకి తెలియనిది లేదు. ఏ చెయ్యి ఎంత మోస్తోందో, ఎక్కడ వణికిందో, అంతా కొలుస్తుంది. అయినా మనిషి కన్ను చూసి మనిషి వేలు నొక్కితే తప్ప ఎత్తుదింపు జరిగినట్టు కాదని చట్టం. ఏ మహానుభావుడు రాశాడో గానీ, ఆయన పుణ్యమా అని భ్రమరాంబకు పదకొండేళ్ళుగా ఉద్యోగం ఉంది. పనిలో ఉన్నంతసేపూ సాక్షులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకూడదు. మధ్యాహ్నం డబ్బా కూడా ఆ గదిలోనే, గాజువైపు చూస్తూ తినాలి.

ఆవిడ ముందున్న పలక మీద జంటకో గీత నడుస్తుంటుంది. ఇద్దరూ సగం సగం మోస్తే తెల్లగీత. ఒకరి వాటా ఇంకొకరు లాక్కుంటే పసుపు. పసుపొస్తే హద్దు మీరినట్టే, ఆవిడ 'మీరుడు' అని నొక్కాలి. ఎవరి కండ వాళ్ళకే పెరగాలి, ఎందుకంటే ఏడాదికోసారి వచ్చే పరీక్ష ఒంటరిగా ఇవ్వాలి. మూడు మీరుళ్ళైతే తెంపు. తెంపు పడ్డ జంటలో ఒకరు ఉత్తరపు వంతెన పక్క ఇళ్ళకు, ఇంకొకరు దక్షిణానికి. ఏడాదిపాటు ఎవరి ఒంటికడ్డీ వాళ్ళది, ఎవరి గది వాళ్ళది.

భ్రమరాంబ ఇప్పటికి రెండువందల పన్నెండు జంటలను తెంపింది. మొదట్లో పాపం అనిపించేది. తరవాత తరవాత, అన్నంలో రాయి ఏరినట్టే ఏరిపారేసింది.

సముద్రం లోపలికొచ్చాక కాకినాడను స్తంభాల మీదికెత్తారు. ఎత్తినవాళ్ళు తొడుగులేసుకుని ఎత్తారు గనక ఊరంతా తొడుగు కొలతకే కట్టారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య రెండడుగులు. ఉప్పుగాలికి ఆగాలని ఇంటి తలుపు గేదెంత బరువు. మంచినీళ్ళ డబ్బా నలభై కిలోలు. తొడుగు లేకుండా అడుగు బయట పెట్టే వీలు లేదు, పెట్టినా తిరిగి లోపలికి రాలేరు. పగలంతా ఒంటి మీదున్నది రాత్రి గూట్లోకెక్కి ఛార్జింగు పెట్టుకున్నా ఒంటి మీదే. గూళ్ళు ఎదురెదురు గోడలకుంటాయి. మొగుడొక గోడకు, పెళ్ళామొక గోడకు నిలబడి నిద్రపోతారు. పిల్లలు లేని భ్రమరాంబ ఇంట్లో రాత్రిళ్ళు ఆ రెండు గూళ్ళ గుర్రు తప్ప చప్పుడుండదు. తొడుగుచేత్తో మొగుడి చెయ్యి పట్టుకుంటే బక్కెట్టు కాడ పట్టుకున్నట్టుంటుందని తెలిసి, ఆవిడ పట్టుకోవడం ఎప్పుడో మానేసింది.

తొడుగు మోస్తూంటే లోపల ఒళ్ళు ఎండుతుంది. అందుకే యాభై దాటినవాళ్ళకు ఏటా బలపరీక్ష. పన్నెండు కిలోల ఒంటికడ్డీని పదిసార్లు ఎత్తాలి, చప్పుడు కాకుండా దించాలి. అది చేతకానివాళ్ళకు నిండుతొడుగు. మొహంతో సహా మూసేస్తుంది, ఇక తీసేది లేదు. గుండె కొట్టించేదీ అదే, గొంతు పలికించేదీ అదే. నిండుతొడుగువాళ్ళు ఇళ్ళలో ఉండరు, రేవు చివర పొడవాటి వరసల్లో ఉంటారు.

భ్రమరాంబకు నలభైతొమ్మిది, పరీక్ష ఇంకా మొదలు కాలేదు. ఆవిడ భర్త పేర్రాజుకు యాభైమూడు. సముద్రపు నీళ్ళు తీపి చేసే కేంద్రంలో ఉప్పుతెరలు కడుగుతాడు. పోయిన ఏడాది ఆయన పదోసారి బొటాబొటీగా ఎత్తి దించాడు. ఈ ఏడాది ఎన్నిసార్లు ఎత్తగలడో ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఒకనాటి సాయంత్రం పేర్రాజు రేవు చివరికెళ్ళి అన్నగారు గవర్రాజును చూసొచ్చాడు. గవర్రాజుకు నిండుతొడుగు పడి నాలుగు నెలలు. వరసలో ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళుతుంటే ఒక తొడుగు "తమ్ముడూ, భోంచేశావా?" అందిట. తినలేదన్నయ్యా అని ఈయన ఆగిపోయాడు. తీరా చూస్తే అది అన్నయ్య కాదు. ఎవరో. వరసలో ఆయన పక్కవాడూ అదే గొంతుతో అదే అడిగాడు, ఆ పక్కవాడూ అడిగాడు. చివరికి గవర్రాజు దగ్గరికెళ్ళినా అదే ప్రశ్న. ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, పేర్రాజు చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పరీక్షకింకా అయిదు నెలలుంది, మనిద్దరం బలశాలకెళదాం అన్నాడు. ఒక్కడే వెళతానంటే రానివ్వరు. ఒంటరిగా ఎత్తమంటే జనం నాలుగు రోజులొచ్చి మానేస్తున్నారని, తోడుంటే సిగ్గుకైనా వస్తారని, జంటలుగానే రమ్మంటారు.

భ్రమరాంబ సరే అంది. అని, ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. ఆ వారం మూఢం. పై వారం మోకాలు. ఆ పై వారం నూకరత్నం గాజుగదిలో ఉంటుంది, దాని ముందు నేను జాకెట్టు చేతులతో నిలబడనా అని. నూకరత్నం సాయంత్రపు సాక్షి, పదేళ్ళ స్నేహితురాలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆఖరికి ఆ అరలో నేల చల్లగా ఉంటుందని కూడా చెప్పింది. పేర్రాజు దేనికీ ఎదురు చెప్పలేదు. అలా ఆరు వారాలు పోయాయి.

నిజం ఏమిటంటే ఆవిడకు భయం. పదకొండేళ్ళుగా పైనుంచి జనం ఒళ్ళు చూస్తోంది. మెడ కింద వేలాడే చర్మం, మునక్కాడల్లాంటి జబ్బలు, పదికిలోలకే నీలంగా పొంగే నరాలు. తన ఒళ్ళూ అంతేనని తెలుసు. దాన్ని మొగుడు చూస్తాడని భయం. అంతకన్నా, ఆయనది తను చూడాలి. చూస్తే ఇంకా ఎన్నాళ్ళుంటాడో లెక్క తెలిసిపోతుంది, సాక్షి కళ్ళు మరి.

ఏడో వారం పేర్రాజు అడగలేదు. పొద్దున్న గూట్లోంచి దిగి, పనికి వెళ్ళబోతూ తలుపు తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. తొడుగు బాగానే ఉంది. లోపలి చెయ్యే దానికి సరిగ్గా సైగ చేయలేకపోయింది. ఆ సాయంత్రం నాలుగింటికి భ్రమరాంబ తన పని కాగానే ఎనిమిదో అర దగ్గరికెళ్ళి, మేకుకు తొడుగు తగిలించి, ఆయన కోసం నిలబడింది.

పేర్రాజు వచ్చి తన తొడుగు తీశాడు. ఇద్దరూ కాసేపు ఎటో చూశారు. తరవాత ఆవిడ ముందు చూసింది. ఆయన భుజాలు లోపలికి పోయాయి గానీ, మణికట్టు మీద పుట్టుమచ్చ అలాగే ఉంది. ఆయన ఆవిడ వైపు చూసి, "నువ్వేం మారలేదు" అన్నాడు. శుద్ధ అబద్ధం. ఆవిడకు పెళ్ళినాటి సిగ్గు ముంచుకొచ్చి, కడ్డీ పట్టుకుంది.

ఉత్త కడ్డీ ఎనిమిది కిలోలు. ఎత్తారు. ఎత్తిన కడ్డీలోంచి ఆయన వణుకు ఆవిడ అరచేతిలోకి వచ్చింది. ఏళ్ళ తరవాత మొగుడి ఒంట్లోంచి ఆవిడ దాకా వచ్చిన మొదటి కబురు అదే. ఆవిడ నవ్వింది, ఆయనా నవ్వాడు, కడ్డీ వంకరైంది. గాజుగదిలోంచి నూకరత్నం వేలు చూపించి బెదిరించింది.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నాలుగింటికి. మొదటి వారం ఆవిడ జడ వేసుకోలేకపోయింది, చేతులు పైకి లేచేవి కావు. ఆ నొప్పి చూసుకుని మురిసిపోయేది కూడా. పన్నెండు కిలోలయింది, పద్ధెనిమిదయింది, ఏడో వారానికి ఇద్దరి మధ్యా ఇరవైనాలుగు. అంటే మనిషికి పన్నెండు. పలక మీద తెల్లగీతే నడుస్తోందని నూకరత్నం తల ఊపి చెప్పేది. పేర్రాజు ఇంట్లో ఈలేశాడు. పరీక్షకింకా రెండు నెలలే ఉన్నా ఇద్దరికీ దిగులు పోయింది.

అప్పుడు బియ్యపు మూట వచ్చింది.

పన్నెండు కిలోల మూట. గుమ్మం దగ్గర దించి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ తొడుగు తీయరు గానీ, బలమొచ్చిందన్న ధీమాతో ఆ వేళ ఇద్దరూ తీశారు. సరదాగా నేనే లోపల పెడతానని భ్రమరాంబ వంగింది. మూట నేలనుంచి బెత్తెడు లేవలేదు. ఇంకోసారి వంగింది. లేవలేదు. జరుగు అని పేర్రాజు వచ్చి, ఒక్క ఊపున ఛాతీ దాకా ఎత్తాడు. శభాష్ అనుకునేలోపు దించబోయి దించలేకపోయాడు. చేతులు ఒక్కసారిగా సడలాయి, మూట దభీమని పడి కుట్లు తెగింది. గది నిండా బియ్యం.

ఇద్దరూ కూర్చుని బియ్యం ఎత్తుతున్నారు. భ్రమరాంబ దోసిలి నింపి పళ్ళెంలో పోస్తోందే గానీ మనసులో గీతలు నడుస్తున్నాయి. ఒకరు ఎత్తగలిగి దించలేకపోవడమేమిటి? ఇంకొకరు ఎత్తను కూడా ఎత్తలేకపోవడమేమిటి? ఏడు వారాలు ఇద్దరూ ఎత్తిందీ దించిందీ ఒకే కడ్డీ కదా?

"ఏవండీ, నిజం చెప్పండి. ఎత్తేటప్పుడు నా బరువు మీరు తీసుకుంటున్నారా?"

పేర్రాజు బియ్యంలో గింజలేవో ఏరుతున్నట్టు నటించాడు. "నీ మెడనరం పొంగుతుంటే చూడలేకపోయాను. కొంచెమే." తల ఎత్తాడు. "మరి దించేటప్పుడు కడ్డీ అంత తేలిగ్గా ఎందుకుంటోంది నాకు?"

భ్రమరాంబ తన అరచేతుల్ని చూసుకుంది. దించేటప్పుడే ఆయన చేతులు వణికేవి. ఆ వణుకు అరచేతికి తగిలినప్పుడల్లా ఆవిడ కాస్త లాక్కునేది. తను తీసుకుంటున్నట్టు తనకు తెలుసు, ఆయన తీసుకుంటున్నట్టు తెలియదు. ఆయనకూ అంతే. ఆ ఇళ్ళలో పెళ్ళయిన నాటి నుంచీ రోజూ ఆడే అబద్ధం ఒకటుంది, గిన్నెలో చారెడన్నమే మిగిలినప్పుడు 'నేను తినేశాను, నువ్వు తిను' అనేది. ఇద్దరూ అదే ఆడి, ఇద్దరూ పస్తు పడుకున్నట్టయింది.

పలక మీద పసుపెందుకు రాలేదో సాక్షికి వెంటనే అర్థమైంది. యంత్రం వారం పొడవునా జరిగిన ఎత్తుడూ దింపుడూ కలిపి సగటు తీస్తుంది. పైకి పోతూ ఆయన లాక్కున్నదీ, కిందికొస్తూ ఆవిడ లాక్కున్నదీ చెల్లుకు చెల్లు. సగం సగం, తెల్లగీత. ఒంట్లో మాత్రం ఆయనకు ఎత్తే కండ వచ్చింది, దించే కండ పోయింది. పరీక్షలో ఎత్తి, చప్పుడు కాకుండా దించాలి. ఆయన ఒక్కసారి కూడా దించలేడు.

మర్నాటి నుంచి ఎవరి బరువు వాళ్ళే మోయాలని ఒట్టేసుకున్నారు. ఒట్టు నోటిది, చెయ్యి దాని మాట వినలేదు. ఆయన వణకగానే ఆవిడ చేయి తనంతట తనే బిగిసేది, ఆవిడ పళ్ళు కరవగానే ఆయనది. కళ్ళు మూసుకుని చూశారు. మొహాలు తిప్పుకుని చూశారు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, వీళ్ళది ఇరవైఆరేళ్ళ సావాసం. పోనీ దింపేటప్పుడు ఒకరు చేతులు తీసేద్దామంటే, చేయి తీసిన క్షణాన కడ్డీ గట్టిగా కూసి గాల్లోనే బిగుసుకుంటుంది, లోపం పడుతుంది. ఇంటి దగ్గర బియ్యపు మూటతో చేద్దామంటే, మూటకు కడ్డీలా గాల్లో పట్టి ఆపే పట్టు లేదు, చేయి జారితే పాదం పోతుంది. రెండు వారాలు ఇలాగే గడిచాయి.

ఇక మిగిలింది ఒక్కటే దారి, అది భ్రమరాంబకు ముందే తెలుసు. ఒంటికడ్డీ. దాన్ని చేతికివ్వాలంటే తెంపు పడాలి. తెంపు పడాలంటే, పలకకు కనబడని మీరుళ్ళను తామే ఒప్పుకోవాలి. సాక్షి పలకలో అట్టడుగున 'ఒప్పుకోలు' అని ఒక మీట ఉంటుంది. తన లోపం తనే చెప్పుకునేవాళ్ళ కోసం పెట్టారు. ఆవిడ ఎరిగి దాన్నెవరూ నొక్కలేదు.

పేర్రాజుతో చెప్పింది. ఆయన ఒద్దన్నాడు. "ఏడాది. నువ్వు దక్షిణపు వంతెన పక్క, నేను ఉత్తరం పక్క. ఉన్న ఆరు వారాలైనా ఒక ఇంట్లో ఉందాం, భ్రమరా. ఆ నాలుగ్గంటల వేళన్నా నీ చేతులు కనబడతాయి నాకు."

"ఆరు వారాలయ్యాక మీ తొడుగు నన్ను భోంచేశావా అని అడుగుతుంది. దానికి నేను జవాబు చెప్పలేనండీ."

ఆయన తన గూట్లోకెక్కి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోపమొచ్చిందనుకుంది. తొడుగు భుజాలు కదులుతుంటే, అది కోపం కాదని తెలిసింది. దగ్గరికెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. తొడుగు మీద తొడుగు, ఏమీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పదకొండింటికి, రెండో అరకు 'చూశాను' నొక్కి పదో అరకు నొక్కేలోపు, 'ఒప్పుకోలు' నొక్కింది. పేర్లు రాసింది. లోపమెక్కడుందో రాయమంటే సాక్షి భాషలో పొడిగా రాసింది. ఎత్తుడులో భర్త భార్య వాటా మోశాడు, దింపుడులో భార్య భర్త వాటా మోసింది, సగటు దీన్ని చూడలేదు, ఎత్తుడూ దింపుడూ విడివిడిగా చదవాలి. రాస్తున్నంతసేపూ వేళ్ళు స్థిరంగానే ఉన్నాయి. పంపాక మాత్రం ఏడాది అంటే ఏమిటో కళ్ళకు కట్టింది. ఒక గది, ఒక గూడు, ఎదురుగా ఉత్త గోడ. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నాలుగో అరకు 'చూశాను' నొక్కింది.

యంత్రం చెప్పినట్టే చేసింది. ఎనిమిదో అర రికార్డు విడదీసి చదివింది. పసుపు. పద్ధతిలోనే లోపముంటే అందరివీ చదవాలి గనక పక్క అర చదివింది. పసుపు. తరవాతది, ఆ తరవాతది. మిగతా బలశాలలవి. పోయిన ఏడాదివి. భ్రమరాంబ పలక మీద పైనుంచి కిందిదాకా పసుపు పాకింది. ఎత్తుడులో ఇటు, దింపుడులో అటు. కొన్ని జంటల్లో ఆవిడ ఎత్తుతోంది, ఆయన దించుతున్నాడు. కొందరు వంతులేసుకున్నారు, ఒకసారి నువ్వు ఒకసారి నేను. ఒక ముసలి జంట నేలనుంచి జానెడు దూరంలో మాత్రమే, రోజుకొకరు చొప్పున అవతలివాళ్ళ బరువు దొంగిలించారు. పై కాకినాడలో మొత్తం మూడువేల తొమ్మిదివందల ఎనిమిది జంటలు. వాటిలో మూడువేల ఎనిమిదివందల అరవైఒకటి పసుపు. మిగిలిన నలభైఏడు జంటలూ ఆ వారం పోట్లాడుకుని ఉంటాయి.

ఇంతకాలం ఆవిడ తెల్లగీతలు చూసి, ఈ ఊళ్ళో ఎవరికెవరూ ఏమీ కారనుకుంది. తను తెంపిన రెండువందల పన్నెండు జంటలు దొంగతనం చేసినవాళ్ళు కాదు, దొంగతనం చేతకానివాళ్ళు. ఒక్కరే అవతలివాళ్ళ బరువు మోసి, రెండోవాళ్ళు బదులు మోసేలోపు దొరికిపోయినవాళ్ళు. ఆ సంగతి తెలిసి భ్రమరాంబ తల పలకకు ఆనించింది. సిగ్గేసింది. ఆ మొహాలు కొన్ని ఇంకా గుర్తున్నాయి.

పలక ప్రశ్న వేసింది. లోపం చెప్పినవారే విచారణ సాక్షి. మూడువేల ఎనిమిదివందల అరవైఒక్క జంటల తెంపుకు సమ్మతమా?

అవునంటే ఊరు నిలువునా చీలుతుంది, ఉన్న ఒంటి అరలేమో నలభై. కాదంటే తన ఒప్పుకోలు అబద్ధమవుతుంది, మళ్ళీ సగటు, మళ్ళీ తెల్లగీత, ఆరు వారాల్లో పేర్రాజుకు నిండుతొడుగు. భ్రమరాంబ రెండు మీటలనూ చూసింది. ఆవిడకు చట్టం కంఠతా వచ్చు. విచారణ నడుస్తుండగా ఎవరి మీదా కొత్త లోపం రాయకూడదు. పరిశీలనకు సాక్షికి గడువు లేదు. ఆవిడ బదులు ఇంకొకరు జవాబు చెప్పడానికీ లేదు. ఆవిడ జవాబు గడిలో రెండు మాటలు రాసింది.

ఇంకా చూస్తున్నాను.

యంత్రం సరే అంది. పావుగంటకు మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ అదే రాసింది. మధ్యాహ్నానికి మిగతా బలశాలల సాక్షుల పలకల మీద కూడా 'విచారణలో' అని పడింది. పసుపు వచ్చినా మీరుడు మీట లోపలికి దిగడం లేదు. ఎవరికీ ఏం చేయాలో తెలియక 'చూశాను' ఒక్కటే నొక్కుతూ కూర్చున్నారు.

నాలుగింటికి నూకరత్నం వచ్చింది. కుర్చీలోంచి లేస్తున్న భ్రమరాంబను, పలకనూ మార్చి మార్చి చూసింది. పనివేళ మాట్లాడకూడదు గనక మాట్లాడలేదు. భ్రమరాంబ భుజం మీద ఒకసారి తట్టి, కూర్చుంది.

ఎనిమిదో అరలో పేర్రాజు తొడుగు తీయకుండా, నిన్ను దక్షిణపు వంతెనకు ఎప్పుడు వెళ్ళమన్నారని అడిగాడు. వెళ్ళక్కర్లేదని, జరిగిందంతా ఆవిడ చెప్పింది. ఆయన నమ్మలేదు. పక్క అరల్లోకి తొంగి చూశాడు.

"అందరూనా?"

"నలభైఏడు జంటలు తప్ప."

పేర్రాజు తొడుగు తీశాడు. భ్రమరాంబ కడ్డీని పదికిలోలకు తగ్గించి, ఇద్దరం కలిసి ఎత్తుదాం, పైకెళ్ళాక నేను వదిలేస్తాను, మీరొక్కరే దించాలి అంది. కడ్డీ ఇక కూయదు, బిగుసుకోదు, లోపం రాసే అధికారం ఈ వేళ దానికి లేదు, చేజారితే నేనున్నాను అంది.

ఎత్తారు. ఛాతీ దగ్గర ఆగారు. భ్రమరాంబ చేతులు తీసేసింది.

ఆయన జబ్బలు గిలగిల కొట్టుకున్నాయి. మెడ నరం లేచింది, మొహం నల్లబడింది. ఆవిడ చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. వెనక్కి లాక్కుని, నడుం వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. పదకొండేళ్ళలో వేలమంది అవస్థ చూసింది, ఇంత కష్టం ఎన్నడూ పడలేదు. పట్టుకోమని ఆయన కళ్ళతో అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కడ్డీ నడుం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తొడల దాకా వచ్చింది. మోకాళ్ళు. ఆయన గొంతులోంచి ఏదో మూలుగు. కడ్డీ నేలకు తగిలినప్పుడు చప్పుడైంది గానీ, పెద్దది కాదు.

పేర్రాజు నేల మీద కూలబడి రొప్పాడు. చాలాసేపటికి లేచి, కడ్డీకి అవతలగా వెళ్ళి నిలబడి, తన చేతులు తను వెనక్కి కట్టుకున్నాడు. ఇప్పుడు నీ వంతు, నువ్వొక్కదానివే ఎత్తు అన్నాడు.

భ్రమరాంబ వంగి పట్టుకుంది. లాగింది. కడ్డీ లేవలేదు. మళ్ళీ లాగింది. వేళ్ళు మండాయి, నడుంలో ఏదో తెగినట్టయింది, కడ్డీ నేలను వదిలి బెత్తెడు లేచింది. ఇంత బరువా? ఇన్ని వారాలూ రోజూ ఇంత బరువు ఆయన తన చేతుల్లోంచి మాట్లాడకుండా తీసుకుని మోశాడా? ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి, కానీ కడ్డీ వదల్లేదు. ఎదురుగా పేర్రాజు పాదాలు ముందుకు కదలబోయి ఆగాయి.

"ఇంకో జానెడు" అన్నాడు ఆయన, చేతులు వెనకే పెట్టుకుని.